డబ్బా మీద అంకె కాదు, చీర మీద రంగు చూడండి

పదిహేను వేల నుంచి ముప్ఫై వేల మధ్య ఫోను కొందామని షాపుకెళ్తే ముందుగా చెవిన పడేవి రెండు అంకెలు. ఒకటి మెగాపిక్సెల్, రెండోది ఎంఏహెచ్. ‘ఇది 108 సార్, అది 50 మాత్రమే’ అంటాడు కౌంటర్లో కుర్రాడు. ‘ఇందులో 6000, అందులో 5000’ అని కూడా కలుపుతాడు. ధర ఒకటే అయినప్పుడు పెద్ద అంకె ఉన్నదే తీసుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ కుర్రాడు అబద్ధం చెప్పడం లేదు. అంకెలూ నిజమే. కాకపోతే ఆ అంకెలు ఫోన్లో ఏ సామాను పెట్టారో చెబుతాయి. ఆ సామానుతో మీ పని జరుగుతుందా లేదా అన్నది చెప్పవు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవాళ్లందరికీ బంధువుల నుంచి వచ్చే మొదటి ప్రశ్న ‘ఏ ఫోను కొనమంటావ్?’ అనే. ఈసారి అడిగింది మా అక్క. తను మంగళగిరిలో ఇంట్లోంచే చేనేత చీరలు అమ్ముతుంది. మగ్గాల దగ్గర నుంచి చీరలు తెచ్చుకోవడం, ఫొటో తీయడం, వాట్సాప్‌లో పెట్టడం, ఆర్డరొస్తే కొరియర్ చేయడం. అంటే తన దుకాణం, షోకేసు, గల్లాపెట్టె అన్నీ ఆ ఫోనే. పాత ఫోన్లో రాణీ రంగు చీర ఎర్రగా పడేది, వంకాయ రంగు నీలంగా పడేది. ‘ఫొటోలో ఒకటి, పంపింది ఒకటి’ అని చీర వెనక్కొస్తే రానూపోనూ కొరియర్ ఖర్చు అక్కదే. చీర మీద మిగిలేదే కొద్ది, అందులో సగం దారిలోనే పోతుంది. పైగా మధ్యాహ్నం మూడింటికల్లా ఛార్జింగ్ అయిపోయేది. వీడియో కాల్‌లో చీర చూపిస్తుండగా ఫోను ఆగిపోతే అవతలివాళ్లు మళ్లీ చేస్తారని నమ్మకం లేదు.

బడ్జెట్ 25 వేలు. ‘ఒరే, కెమెరా బావుండాలి, ఛార్జింగ్ ఆగాలి. మిగతావి నాకక్కర్లేదు’ అంది. వినడానికి సులువుగానే ఉంది గానీ, మిడ్ రేంజ్ ఫోన్లో ఈ రెండూ ఒకేచోట దొరకడమే కష్టం. కంపెనీలు ఒకదానికి పెట్టిన డబ్బు ఇంకోదాంట్లో తగ్గించుకుంటాయి.

అందుకే రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి వారం రోజులు చూశాను. మొదటిది అక్క కోసం కొన్నది: 50 మెగాపిక్సెల్ కెమెరా, ఓఐఎస్ ఉంది, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ. రెండోది మా ఆఫీసులో స్నేహితుడి దగ్గర అరువు తెచ్చింది: 108 మెగాపిక్సెల్, ఓఐఎస్ లేదు, 6000 ఎంఏహెచ్. ధరలో తేడా వెయ్యి లోపే. వాటి పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఆరు నెలల్లో ఆ మోడళ్లు షాపుల్లో ఉండకపోవచ్చు. పరీక్ష చేసే పద్ధతి మాత్రం అప్పటికీ పనికొస్తుంది.

మెగాపిక్సెల్ లెక్క ఇదీ

కెమెరా సెన్సర్‌కి రంగులు తెలియవు. దానికి తెలిసింది వెలుతురు ఎంత పడిందన్నదే. అందుకని దాని మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లను గళ్లుగళ్లుగా పరుస్తారు. ఈ అమరికకు కొడాక్ కంపెనీ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందారు. ఇవాళ మన చేతుల్లో ఉన్న దాదాపు ప్రతి ఫోనూ దాని మీదే నడుస్తోంది.

సెన్సర్ సైజు పెంచకుండా గళ్లు పెంచుకుంటూ పోతే ఒక్కో గడి చిన్నదవుతుంది. చిన్న గడిలో తక్కువ వెలుతురు పడుతుంది. వానకి గిన్నెలు పెట్టినట్టే అనుకోండి. అదే అరుగు మీద పన్నెండు పెద్ద గిన్నెలు పెట్టినా, నూట ఎనిమిది చిన్న గిన్నెలు పెట్టినా మొత్తం పడే నీళ్లు అంతే. చిన్న గిన్నెల్లో తలా కొంచెం పడుతుంది. అందుకే ఫోను ఏం చేస్తుందంటే, పక్కపక్కనున్న గళ్లను కలిపి ఒకటిగా లెక్కేస్తుంది. 50 మెగాపిక్సెల్ ఫోను నాలుగేసి గళ్లు కలిపి సుమారు 12.5 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తుంది. 108 మెగాపిక్సెల్ ఫోను తొమ్మిదేసి కలిపి 12 మెగాపిక్సెల్ ఇస్తుంది. అంటే మామూలుగా నొక్కితే రెండు ఫోన్ల నుంచీ వచ్చేది ఇంచుమించు ఒకే సైజు ఫొటో!

ఈ అంకెల పందెం మన దేశంలో బాగా ఊపందుకున్నది 2019లో. సోనీ 2018 జులైలో 48 మెగాపిక్సెల్ ఐఎంఎక్స్ 586 సెన్సర్‌ను ప్రకటించింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో రెడ్‌మీ నోట్ 7 ప్రో దాన్ని 13,999 రూపాయల ఫోన్లోకి తెచ్చింది. అదే ఏడాది మేలో గూగుల్ పిక్సెల్ 3ఏ వచ్చింది, 39,999 రూపాయలకి. దాని కెమెరా 12.2 మెగాపిక్సెలే. అయినా చీకట్లో ఫొటోలకు అప్పట్లో పేరు తెచ్చుకుంది దాని ‘నైట్ సైట్’. ఒక ఫొటో బదులు వరసగా చాలా ఫొటోలు తీసి, వాటిని కలిపి, మచ్చలు తీసేసే సాఫ్ట్‌వేర్ అది. ఇప్పుడు అలాంటిది ప్రతి ఫోన్లోనూ ఉంది. ఎంత బాగా చేస్తుందన్నదే తేడా.

మరి డబ్బా మీద చూడాల్సింది ఏమిటి? మూడు విషయాలు. ఒకటి, సెన్సర్ సైజు. ఇది 1/1.56, 1/2.76 లాంటి భిన్నంలో రాస్తారు. కింది అంకె చిన్నదయ్యే కొద్దీ సెన్సర్ పెద్దది. రెండు, ఓఐఎస్. చేయి వణికితే దానికి ఎదురుగా లెన్సునో సెన్సర్‌నో కదిపి సర్దే చిన్న యంత్రం ఇది. ఈఐఎస్ అని రాస్తే అది సాఫ్ట్‌వేర్‌తో చేసే సర్దుబాటు, వీడియోకి పనికొస్తుంది గానీ రాత్రి ఫొటోకి ఓఐఎస్‌కి సాటి రాదు. మూడు, వెనకాల ఎన్ని కెమెరాలు ఉన్నాయన్న లెక్కలో 2 మెగాపిక్సెల్ మాక్రో, 2 మెగాపిక్సెల్ డెప్త్ అని ఉంటే వాటిని లెక్కలోంచి తీసేయండి. లెక్క నిండటానికి పెట్టినవి అవి.

ఆరు చీరలు, మూడు వెలుతుర్లు

కెమెరా పరీక్ష అంటే యూట్యూబ్‌లో పూలు, ఆకాశం, కాఫీ కప్పు చూపిస్తారు. అక్క అమ్మేది పూలు కాదు. అందుకని తన దగ్గరున్న ఆరు చీరలు తీసుకున్నాం: రాణీ రంగు, వంకాయ రంగు, చిలకపచ్చ, నెమలికంఠం, గంధం రంగు, మిరపపండు ఎరుపు. అన్నింటికీ మంగళగిరి నిజాం అంచు, జరీ. ఒక్కో చీరను మూడు చోట్ల తీశాం. పొద్దున పదింటికి నీడపట్టున వరండాలో, మధ్యాహ్నం గదిలో కిటికీ పక్కన, రాత్రి ఎల్‌ఈడీ ట్యూబులైటు కింద. ఫ్రేములో ఓ మూల తెల్ల కాగితం పెట్టాం. కాగితం తెల్లగా పడితే మిగతా రంగులూ చాలావరకు నిజమే చెబుతున్నట్టు. కాగితానికి పసుపో నీలమో అంటితే చీరకీ అంటుతుంది.

వరండాలో రెండు ఫోన్లూ బాగానే చేశాయి. రెండో ఫోన్లో జూమ్ చేస్తే దారం పోగు కాస్త ఎక్కువ స్పష్టంగా కనిపించింది, 108 మెగాపిక్సెల్ మోడ్ పెడితే ఇంకా బావుంది. మంచి వెలుతురులో ఆ అంకెకు విలువ ఉందన్నమాట. కిటికీ పక్కన మొదటి ఫోను ముందుకొచ్చింది. గంధం రంగు గంధంగానే పడింది. రెండో దాంట్లో కాస్త పసుపెక్కింది.

రాత్రి ట్యూబులైటు కింద అసలు తేడా తెలిసింది. మొదటి ఫోను ఓఐఎస్ పుణ్యమా అని షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచగలిగింది. జరీ గీత గీతలాగే పడింది. రెండో ఫోన్లో ఆరింటికి మూడు ఫొటోలు చెదిరాయి, చెదరని వాటిలో జరీ పసుపు పూసినట్టు మెత్తగా అయిపోయింది. ఫొటోలో మచ్చలు తుడిచే సాఫ్ట్‌వేర్ మచ్చలతో పాటు నేతను కూడా తుడిచేస్తోంది. చీర అమ్మేవాళ్లకి నేత కనపడకపోతే ఇంకేం ఉంది?

రాణీ రంగు, వంకాయ రంగు మాత్రం రెండు ఫోన్లనూ తిప్పలు పెట్టాయి. రాణీ రంగులో ఎరుపూ నీలమూ రెండూ కలిసి ఉంటాయి. సెన్సర్ మీది ఫిల్టర్లు వాటిని మన కన్ను చూసినట్టు చూడవు. దానికి తోడు ఫోన్లోని ‘ఏఐ’ సీన్ గుర్తింపు రంగును ఇంకాస్త ‘అందంగా’ చేస్తుంది. మొదటి ఫోన్లో దాన్ని ఆపేశాక రాణీ రంగు అసలుకి దగ్గరగా వచ్చింది. రెండో దాంట్లో ఆపేసినా ఎరుపు వైపే మొగ్గింది. వంకాయ రంగు ఏ ఫోన్లోనూ పూర్తిగా కుదరలేదు. అది ఉన్నదున్నట్టు చెప్పాల్సిందే.

ఈ పరీక్షలో తేలిన నాలుగు చిన్న సంగతులు ఫోను ఏదైనా పనికొస్తాయి.

వీడియోలో ట్యూబులైటు కింద నల్లటి చారలు పాకుతుంటే ఫోను చెడిపోయిందనుకోకండి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో లైటు సెకనుకు వంద సార్లు పెరిగి తగ్గుతుంది. ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెడితే చాలావరకు చారలు పోతాయి. సెట్టింగ్స్‌లో ‘యాంటీ ఫ్లికర్ 50 హెర్ట్జ్’ ఉంటే అది చాలు.

ఫోను తెర కూడా అబద్ధం చెబుతుంది. అమోలెడ్ తెరల్లో మొదట్నుంచీ ‘వివిడ్’ మోడ్ ఆన్ చేసి ఇస్తారు. అన్ని రంగులూ ఒక మెట్టు ఎక్కువగా కనిపిస్తాయి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ‘నేచురల్’ పెట్టుకుంటేనే ఫొటోకీ చీరకీ పోలిక తెలుస్తుంది.

వాట్సాప్ మామూలుగా పంపితే ఫొటోను బాగా కుదించేస్తుంది. 2023 ఆగస్టు నుంచి హెచ్‌డీ బటన్ ఉంది, అది నొక్కి పంపాలి. అంచు పని చూపించాలంటే ఫొటోను డాక్యుమెంట్‌గా పంపండి, కుదింపు ఉండదు. ఎన్ని మెగాపిక్సెళ్లు కొన్నా కస్టమర్‌కి చేరేది వాట్సాప్ వదిలినంతే.

లెన్సు తుడవండి. వంటింట్లోంచి వచ్చి ఫొటో తీసే ఇళ్లల్లో కెమెరా మసకబారడానికి సగం కారణం నూనె చేతులే.

బ్యాటరీ: ట్యాంకు ఒకటే చూస్తే సరిపోదు

ఎంఏహెచ్ అంటే బండికి పెట్రోలు ట్యాంకు లాంటిది. ట్యాంకు పెద్దదని బండి మైలేజీ ఎక్కువ ఇవ్వదు కదా. మైలేజీ ఇచ్చేవి ప్రాసెసర్, తెర, సిగ్నల్.

చిన్న లెక్క చూడండి. 5000 ఎంఏహెచ్‌ని ఫోను బ్యాటరీ సగటు వోల్టేజి 3.85తో గుణించి వెయ్యితో భాగిస్తే సుమారు 19 వాట్ అవర్లు. ఫోను సగటున ఒక వాటు తింటే 19 గంటలు నడుస్తుంది. ఎండలో తెర వెలుగు పెంచి, మొబైల్ డేటా మీద వీడియో కాల్ చేస్తే మూడు వాట్లు దాటినా ఆశ్చర్యం లేదు. అప్పుడు ఆరు గంటలే. అదే బ్యాటరీ, అదే ఫోను. అందుకే ‘రెండు రోజులొస్తుంది’ అన్న మాటకు ‘ఏం చేస్తే?’ అని ఎదురు ప్రశ్న వేయాలి.

పెద్ద బ్యాటరీ కొత్తేం కాదు. 2020 సెప్టెంబరులోనే శామ్‌సంగ్ గెలాక్సీ ఎం51లో 7000 ఎంఏహెచ్ పెట్టింది. బరువు 213 గ్రాములు. ఇప్పుడు మారిందల్లా లోపలి రసాయనం. 1991లో సోనీ లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చిన కొన్నేళ్లకే ఇందులో ఒక కొస గ్రాఫైటుతో స్థిరపడింది. ఇప్పుడు అందులో కొంత సిలికాన్ కలుపుతున్నారు. గ్రాఫైటుతో పోలిస్తే సిలికాన్ బరువుకి పది రెట్ల దాకా ఎక్కువ లిథియాన్ని పట్టుకోగలదు. చిక్కల్లా ఛార్జింగ్ ఎక్కినప్పుడు అది మూడు నాలుగు రెట్లు ఉబ్బుతుంది. అందుకే కార్బన్‌తో కలిపి, కొద్దిగా వాడతారు. దాని పుణ్యమే 2025లో మిడ్ రేంజ్‌లోకి వచ్చిన 7000 పైచిలుకు బ్యాటరీలు. ఆ ఏప్రిల్లో మన దగ్గర 21,999 రూపాయలకు మొదలైన ఐకూ జడ్10లో 7300 ఎంఏహెచ్ ఉంది.

ఇక మా పరీక్ష. యాప్ పెట్టి అంకెలు రాబట్టడం మానేసి, ఇంట్లో ఇద్దరి రోజుల్ని నడిపించి చూశాం.

అక్క రోజు: అరవై ఫొటోలు, పది నిమిషాల చొప్పున ఎనిమిది వీడియో కాల్స్, రెండు గంటలు వాట్సాప్, మధ్యాహ్నం గంటసేపు యూట్యూబ్, సాయంత్రం పాప హోంవర్క్‌కి గంట హాట్‌స్పాట్. పొద్దున ఆరింటికి నూరు శాతంతో మొదలుపెడితే రాత్రి తొమ్మిదిన్నరకి మొదటి ఫోన్లో 24 శాతం, రెండో ఫోన్లో 41 శాతం మిగిలింది.

బావగారి రోజు వేరు. ఆయన పొద్దున్నే బండేసుకుని మగ్గాల వాళ్ల ఇళ్లకీ, రంగులద్దే వాళ్ల దగ్గరికీ, విజయవాడ కొరియర్ ఆఫీసుకీ తిరుగుతారు. ఎండలో తెర, మ్యాపు, వరసగా కాల్స్. సాయంత్రం ఆరింటికి మొదటి ఫోను 9 శాతానికి పడిపోయింది. రెండో ఫోన్లో 30 శాతం ఉంది. ఎండలో పావుగంట వీడియో తీసేసరికి మొదటి ఫోను వేడెక్కి తెర వెలుగు తనంతట తానే తగ్గించుకుంది కూడా.

బావగారి రోజులో ఇంకో సంగతి ఉంది. సిగ్నల్ బలంగా ఉన్నచోట ఫోను టవరుతో మెల్లగా మాట్లాడుతుంది. బలహీనంగా ఉంటే అరిచి మాట్లాడాలి, అంటే ఎక్కువ శక్తితో ప్రసారం చేయాలి. ఊరు దాటాక 5జీ వస్తూ పోతూ ఉండే దారుల్లో ఈ అరుపే ఛార్జింగ్‌ని మింగేస్తుంది. మర్నాడు నెట్‌వర్క్‌ని 4జీకి మార్చి అదే దారిలో తిరిగితే సాయంత్రానికి మొదటి ఫోన్లో 9 బదులు 17 శాతం మిగిలింది. ఖర్చు లేని చిట్కా ఇది.

ఛార్జర్ వాట్ల సంగతీ అంతే. మొదటి ఫోను 67 వాట్లు, రెండోది 33. ఇరవై నుంచి ఎనభై శాతానికి మొదటిది 22 నిమిషాల్లో, రెండోది 45 నిమిషాల్లో చేరాయి. ఎనభై తర్వాత మాత్రం మొదటి ఫోను కూడా నత్తనడకే: చివరి ఇరవై శాతానికి 16 నిమిషాలు. ఏ లిథియం బ్యాటరీ అయినా నిండే కొద్దీ నెమ్మదిస్తుంది, అది దాని స్వభావం. 67 వాట్లు అన్నది గరిష్ఠం, ఆసాంతం అదే వేగం ఉండదు. డబ్బాలో ఛార్జర్ ఉందో లేదో కూడా ముందే అడగండి. కొన్ని కంపెనీలు ఇవ్వడం మానేశాయి. సొంత పద్ధతి ఫాస్ట్ ఛార్జింగ్ ఉన్న ఫోను బయట ఛార్జర్‌తో అంత వేగంగా ఎక్కదు. అప్పుడు ధరలో ఇంకో వెయ్యో పదిహేను వందలో కలిపి లెక్కేసుకోవాలి.

మూడేళ్ల తర్వాత ఏమిటి?

పాతిక వేల ఫోను ఇన్‌స్టాల్‌మెంట్ల మీద కొనే ఇంట్లో అది కనీసం మూడేళ్లు రావాలి. ఇక్కడ చాలామంది చూడని లెక్క ఒకటి చెబుతాను.

బ్యాటరీ వయసును సైకిళ్లలో కొలుస్తారు. మొత్తం కలిపి నూరు శాతం ఖర్చయితే ఒక సైకిల్. రెండు రోజులు యాభై యాభై వాడినా ఒకటే. యూరప్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నియమం వచ్చింది: అక్కడ అమ్మే ఫోను బ్యాటరీ 800 సైకిళ్ల తర్వాత కూడా కనీసం 80 శాతం సామర్థ్యంతో ఉండాలి. ఇదే కొలత అనుకుని అక్క రోజును లెక్కేశాను. మొదటి ఫోన్లో రోజుకు 76 శాతం ఖర్చు, అంటే 800 సైకిళ్లు దాదాపు రెండేళ్ల పది నెలల్లో పూర్తి. రెండో ఫోన్లో రోజుకు 59 శాతమే, అంటే మూడేళ్ల ఎనిమిది నెలలు. పెద్ద బ్యాటరీ లాభం ఇవాళ సాయంత్రానికే పరిమితం కాదు, అది నెమ్మదిగా ముసలిదవుతుంది. ఈ విషయంలో రెండో ఫోనుకే నా ఓటు.

ఆ తేడాను కొంత పూడ్చుకునే దారి ఉంది. ఇప్పుడు చాలా ఫోన్లలో ఛార్జింగ్‌ని 80 శాతం దగ్గర ఆపే సెట్టింగ్ ఉంటోంది. ఇంట్లోనే ఉండే అక్కలాంటి వాళ్లు అది పెట్టుకుని మధ్యాహ్నం భోజనాల వేళ పావుగంట ప్లగ్గుకి పెడితే బ్యాటరీ ఎక్కువకాలం వస్తుంది. ఎండలో బండి ముందు కవర్లో పెట్టి ఛార్జింగ్ చేయడం, దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేయడం మాత్రం వద్దు. బ్యాటరీకి వేడిని మించిన శత్రువు లేదు.

యూరప్ నియమం కింద అక్కడ ప్రతి ఫోనుకీ ఒక లేబుల్ ఉంటుంది. ఒక్క ఛార్జింగ్‌కి ఎన్ని గంటలు, ఎన్ని సైకిళ్లు, కింద పడితే ఎంత తట్టుకుంటుంది అన్నీ రాస్తారు. మన డబ్బాల మీద అలాంటిది లేదు. కానీ ఆ వివరాలు ఎప్రెల్ అనే యూరప్ ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూడొచ్చు. మీరు కొనే మోడల్ అక్కడా అమ్ముతుంటే ఒకసారి వెతకండి. కాకపోతే ఒకే పేరుతో వచ్చే ఫోనుకి అక్కడొక బ్యాటరీ, ఇక్కడొక బ్యాటరీ ఉండొచ్చు. ఎంఏహెచ్ సరిపోయిందో లేదో చూసుకున్నాకే నమ్మండి.

అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారన్నది కూడా బ్యాటరీ అంత ముఖ్యమే. బ్యాంకు, యూపీఐ అన్నీ అందులోనే కదా నడిచేది. గూగుల్ 2024లో పిక్సెల్ 8ఏకి ఏడేళ్లు, శామ్‌సంగ్ అదే ఏడాది గెలాక్సీ ఏ16 5జీకి ఆరేళ్లు ఇస్తామని చెప్పాయి. ఇదే ధరల్లో రెండేళ్లతో చేతులు దులుపుకునేవీ ఉన్నాయి. కౌంటర్లో కుర్రాడికి తెలియకపోతే కంపెనీ వెబ్‌సైటులో చూడండి.

మరి ఏది ఉంచుకున్నాం?

అక్కకి మొదటి ఫోనే. తన ఆదాయం రంగు మీద, నేత మీద ఆధారపడి ఉంది. రాత్రి ఎనిమిదికి ఆర్డర్లు చూసుకునే వేళ ట్యూబులైటు కింద కూడా జరీ కనపడాలి. ఛార్జింగ్ రాత్రి తొమ్మిదిన్నరకి 24 శాతం మిగిలిందంటే తన రోజు దాటినట్టే. ఇంకో 17 శాతం మిగిలినా దాంతో తనకి పని లేదు. వంకాయ రంగు చీరలకి మాత్రం ఓ పద్ధతి పెట్టుకుంది. పగటి వెలుతురులో చిన్న వీడియో తీసి, ‘వంకాయ రంగు, నీలం కాదు’ అని తన గొంతుతో చెప్పి పంపుతోంది. ఫోను చేయలేని పని మాట చేస్తుంది.

బావగారు అడిగితే రెండో ఫోనే కొనమంటాను. రోజంతా ఎండలో తిరిగే మనిషికి రాత్రి ఫొటో కన్నా సాయంత్రం ఆరింటికి ఫోను బతికి ఉండటం ముఖ్యం. డెలివరీ చేసేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు, మార్కెటింగ్ ఉద్యోగులు కూడా అంతే. ఒకే ఇంట్లో, ఒకే బడ్జెట్లో, రెండు వేర్వేరు జవాబులు. అందుకే ‘ఏ ఫోను మంచిది?’ అన్న ప్రశ్నకి ‘ఎవరికి?’ అనే ఎదురడగాలి.

కొనే ముందు, కొన్న వెంటనే

షాపుకెళ్లే ముందు ఓ కాగితం మీద మీ రోజు రాసుకోండి. ఎన్ని ఫొటోలు, ఏ వేళలో, దేనివి? ఎన్ని గంటలు బయట? ప్లగ్గు ఎక్కడ దొరుకుతుంది? ఈ నాలుగు ముక్కలు ఉంటే సగం ఫోన్లు వాటంతట అవే పక్కకి తప్పుకుంటాయి.

డెమో ఫోనుతో లైట్ల కింద మెరిసే బొమ్మ తీయొద్దు. కౌంటర్ కింద నీడలో మీ చేతి గడియారాన్నో, చీర అంచునో తీయండి. కదులుతున్న మనిషిని తీయండి. ముఖం నున్నగా మైనం బొమ్మలా వస్తే ‘బ్యూటీ’ ఆపమని మళ్లీ తీయండి.

ఆన్‌లైన్లో కొంటే రీప్లేస్‌మెంట్‌కి ఎన్ని రోజులు గడువో, ఏ కారణాలకి ఒప్పుకుంటారో ఆర్డర్ పెట్టకముందే చదవండి. ‘నచ్చలేదు’ అంటే ఫోను వెనక్కి తీసుకోని చోట్లు ఎక్కువ. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐ నంబరు డబ్బా మీదా, బిల్లు మీదా ఒకటే ఉండాలి. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, ఆ 15 అంకెలు రాసి 14422కి మెసేజ్ పంపితే ఆ నంబరు వివరాలు తెలుస్తాయి. సెకండ్ హ్యాండ్ ఫోను కొనేవాళ్లు ఇది చేయకుండా డబ్బులివ్వొద్దు.

మొదటి రెండు రోజుల బ్యాటరీ చూసి బెంగపడకండి. పాత ఫోనులోని ఫొటోలు, యాప్‌లు దించుకోవడంలో కొత్త ఫోను లోపల్లోపల చాలా పని చేస్తుంటుంది. మూడో రోజు నుంచి మీ మామూలు రోజు నడిపి, రాత్రి పడుకునే ముందు ఎంత మిగిలిందో రాసుకోండి. సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం తెరిస్తే ఏ యాప్ ఎంత తింటోందో పేరుపేరునా ఉంటుంది. మీ ఊరికి దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉందా, బ్యాటరీ మార్చడానికి ఎంత తీసుకుంటారు అన్నవి గడువులోగానే కనుక్కోండి. మూడేళ్ల తర్వాత ఆ అంకే మీకు అన్నింటికన్నా పెద్ద అంకె అవుతుంది.

ఇదంతా చేయడానికి ఇంజనీరింగ్ చదవక్కర్లేదు. ఆరు చీరలు, ఓ తెల్ల కాగితం, రాసుకోవడానికి పెన్ను చాలు. మీది చీరల వ్యాపారం కాకపోతే మీ పనిలో దేన్ని రోజూ ఫొటో తీస్తారో దాన్నే ఎదురుగా పెట్టండి. పాతిక వేలు పోసేది మీరు, కాబట్టి ప్రశ్నపత్రం కూడా మీరే తయారు చేయాలి.